షెడ్డుకి ఏం కొనాలి, బైబిల్ చదవడం ఎక్కడ ఆగింది: రెండూ ఒకే పోస్టులో అడుగుతున్నా, తిట్టుకోకండి

రేకులషెడ్డు:

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది రాజమండ్రి దగ్గర ఒక ఊరు. నేను చేసేది ఆఫీసు ఉద్యోగం, కానీ మా నాన్న వడ్రంగి, ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంటి వెనక ఆయన పని చేసుకున్న రేకుల షెడ్డు అలాగే ఉంది, పది బై పద్నాలుగు. లాక్‌డౌన్‌లో ఏం తోచక ఆయన ఉలులు బయటికి తీసి తుప్పు గీకడం మొదలెట్టా, అంతే, అప్పట్నుంచి పట్టుకుంది పిచ్చి. ఇప్పటికి రెండు టీపాయిలు, ఒక చెప్పుల స్టాండు, మా అక్కకి ఒక మంచం చేశా (మంచం కిర్రు కిర్రుమంటుంది, దాని గురించి ఇప్పుడు వద్దు).

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి నాన్న చిత్రికలు రెండు, ఉలులు ఏడో ఎనిమిదో, చేతి రంపాలు, ఒక డ్రిల్లు, ఇంకా ఒక మార్బుల్ కట్టర్. ఆ కట్టర్‌ని ప్లై ముక్క కింద తిరగేసి బిగించి టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకొచ్చే రంపం మిషను) లాగా వాడుతున్నా, వీడియో చూసి చేసిందే. లైటు ఒకటే, పాత చోక్ ట్యూబు. కరెంటు వంటింట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి పెట్టుకున్నా.

మొన్న చీటీ పాడితే 80 వేలు చేతికొచ్చాయి. మంచి టేబుల్ సా, రూటర్ (చెక్కలో గాడులు తీసేది), ప్లేనర్ (చిత్రిక పట్టే మిషను), వాక్యూమ్ అని లిస్టు రాసుకున్నా, లిస్టు లక్షా పాతిక దాటింది, మిగతాది ఈఎమ్ఐ పెడదామా అనుకుంటున్నా.

ఇంక రెండో సంగతి. రెండేళ్ళ క్రితం బాప్తిస్మం తీసుకున్నా. మా ఆవిడ వాళ్ళది మొదట్నుంచీ సంఘానికి వెళ్ళే కుటుంబం, నేనే లేటు. మొదట్లో తెల్లారి నాలుగున్నరకే లేచి చదివేవాణ్ణి, ఆదికాండం అయితే నవల చదివినట్టు చదివా. తర్వాత నిర్గమకాండంలో దేవుడు చెయ్యమన్న గుడారం కొలతలు వస్తాయి కదా, ఇన్ని మూరల పొడుగు, ఇన్ని మూరల వెడల్పు, ఇన్ని పలకలు అని, అక్కడ ఆగిపోయా. ఎనిమిది నెలలైంది. బుక్‌మార్క్ రిబ్బన్ ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు పొద్దున్నే లేస్తున్నా గానీ చూసేది మిషన్ల రివ్యూలు.

పైగా పాస్టర్ గారు కొత్త మందిరానికి పుల్‌పిట్ (నిలబడి ప్రసంగం చెప్పే బల్ల) నువ్వే చెయ్యాలి, క్రిస్మస్‌కి కావాలి అన్నారు. నేను గాల్లో తేలిపోయా, నిజం చెప్తున్నా. నాకు దొరికేది ఆదివారం ఒక్కటే. పోయిన ఆదివారం ఆశీర్వాద ప్రార్థన అవ్వకముందే లేచి టింబర్ డిపోకి వెళ్ళిపోయా, మధ్యాహ్నం మూసేస్తాడని. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒకే మాట అంది, "నీకు షెడ్డే గుడి అయిపోయింది" అని. అప్పట్నుంచి ఆ మాట చెవిలో తిరుగుతుంది.

దేవుడి పనికే కదా కొంటున్నా అని నాకు నేను చెప్పుకుంటున్నానా, లేక నిజంగానే అవసరమా? ముందు ఏం కొనాలి? ఆదివారం మధ్యాహ్నం పుల్‌పిట్ పని చేసుకోవచ్చా?

---

మూడుఫేజులు:

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు బ్రదర్, వాక్యం సంగతి నాకు తెలీదు, కరెంటు సంగతి తెలుసు, అదే చెప్తా.

ముందు ఆ తిరగేసిన మార్బుల్ కట్టర్ తీసి పక్కన పడెయ్. ఈరోజే. అది రాయి కొయ్యడానికి చేసిన మిషను, నాలుగంగుళాల బ్లేడు నిమిషానికి పన్నెండు వేల పైన తిరుగుతుంది, పైన గార్డు ఉండదు, బ్లేడు వెనకాల రైవింగ్ నైఫ్ (కోసిన చెక్క మళ్ళీ మూసుకోకుండా ఆపే రేకు) ఉండదు. కోసిన చెక్క వెనక మూసుకుపోయి బ్లేడుని పట్టుకుందంటే ముక్క నీ పొట్టలోకి వస్తుంది, దానితో పాటు నీ చెయ్యి బ్లేడు మీదకి వెళ్తుంది. మా వీధిలో ఒకాయనకి రెండు వేళ్ళు ఇలాగే పోయాయి. చేతికి గ్లౌజులు వేసుకుంటున్నా కదా అంటావేమో, తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజు ఇంకా ప్రమాదం, దారం పట్టుకుంటే చేతిని లాగేస్తుంది.

రెండోది ఆ ఎక్స్‌టెన్షన్. రెండు హెచ్‌పీ మోటారంటే సుమారు 1500 వాట్లు, స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. సన్నటి వైరులో వోల్టేజ్ పడిపోయి మోటారు వేడెక్కుతుంది, వైరూ వేడెక్కుతుంది, కింద రంపపు పొట్టు ఉంటుంది, మిగతాది నువ్వే ఊహించుకో. మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా లైను లాగించు, 4 స్క్వేర్ ఎమ్ఎమ్ కాపర్, 20 యాంప్ సీ కర్వ్ ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు ఆపేసేది). ఎర్తింగ్ ఉందో లేదో టెస్టు చేయించు, పాత ఇళ్ళల్లో మూడో పిన్ను ఊరికే అలంకారానికి ఉంటుంది. కరెంటు బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లో చూడు, ఒకటో రెండో ఉంటే పెంచమని అప్లికేషన్ పెట్టాలి.

ట్యూబు లైటు చిన్న విషయం అనుకుంటారు అందరూ. చోక్ ట్యూబు సెకనుకి వందసార్లు ఆరి వెలుగుతుంది, మన కంటికి తెలీదు. ఆ వెలుగులో తిరిగే బ్లేడు ఒక్కోసారి ఆగిపోయినట్టో మెల్లగా తిరుగుతున్నట్టో కనిపిస్తుంది. మంచి డ్రైవరున్న ఎల్ఈడీలు రెండు మూడు పెట్టించు, వేర్వేరు వైపుల నుంచి.

ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే టేబుల్ సా గురించి మాట్లాడదాం.

---

డాలస్_గరాజ్:

బ్రో నీ పోస్టు చదువుతుంటే నా కథే చదువుతున్నట్టుంది, ఒక్కటే తేడా, నేను ఈఎమ్ఐ కూడా పెట్టేశా.

మాది గుంటూరు, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. ఇక్కడ అందరికీ గరాజ్ ఉంటుంది కదా, కార్లు బయట పెట్టి నేను లోపల మిషన్లు పెట్టా. చర్మం తగిలితే బ్లేడు ఆగిపోయే సాస్టాప్ కొన్నా, దాని రేటు చెప్తే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. దానికోసం 240 వోల్టుల లైను వేయించా, ప్లేనర్, బ్యాండ్ సా, అన్నీ. చేసిన సామాన్లు ఎన్ని అంటే ఒక బుక్ షెల్ఫ్, రెండు కటింగ్ బోర్డులు. నాకు తెలిసొచ్చింది ఏంటంటే నాది చెక్కపని హాబీ కాదు, చెక్కపని సామాన్లు కొనే హాబీ. రెండూ వేరు బ్రో.

ఈఎమ్ఐ మాత్రం వద్దు. అప్పు చేసేవాడు అప్పిచ్చినవాడికి దాసుడు అని సామెతలు 22లో ఉంటుంది, నేను అది సండే స్కూల్లో కంఠస్థం చేసి ప్రైజ్ కూడా తెచ్చుకున్నా, అయినా కార్డు గీకేశా.

ఒకటి మాత్రం కచ్చితంగా కొను, దుమ్ము సంగతి. చెక్క పొట్టు మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే లిస్టులో పెట్టింది, ముఖ్యంగా ముక్కు లోపల వచ్చేది. నాన్నగారి కాలంలో చేతి రంపం, పొట్టు కింద రాలేది. మిషన్లు వచ్చాక పిండిలాగా గాల్లో తేలుతుంది. ఎన్95 మాస్కు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, అంతే, దానికి పెద్ద ఖర్చేం లేదు.

చదవడం గురించి: నాకు ఒంటరిగా ఎప్పుడూ కుదర్లేదు. శనివారం పొద్దున్న ఏడింటికి మా తెలుగు చర్చి వాళ్ళు నలుగురం గరాజ్‌లోనే కూర్చుని ఒక అధ్యాయం చదువుకుంటాం, కాఫీ తాగుతాం, తర్వాత ఎవరి ఇంట్లో ఏది విరిగితే అది బాగుచేస్తాం. మిషన్లు ఎక్కువ వాడింది ఆ గంటల్లోనే.

---

నాలుగో_బెంచీ:

వందనాలు బ్రదర్. సిస్టర్‌గా ఒక మాట చెప్తా, ఏమీ అనుకోవద్దు.

మీ ఆవిడ అన్న మాటకి మీరు షెడ్డు తప్పా ఒప్పా అని అడుగుతున్నారు. ఆవిడ షెడ్డు గురించి అన్నారని నాకైతే అనిపించట్లేదు. ఆశీర్వాదం కాకుండా మీరు లేచి వెళ్ళిపోతే పక్కన పిల్లలతో ఒక్కతే కూర్చుంది ఆవిడ, పది మంది చూశారు, మీ ఆయన ఎక్కడమ్మా అని బయట ముగ్గురైనా అడిగుంటారు. దానికి మీరు టేబుల్ సా మానేస్తే సరిపోదు, సారీ చెప్పాలి. చెప్పారా?

ఇంకోటి, పుల్‌పిట్ చెక్క ఎవరు కొంటున్నారు? మా సంఘంలో ఇలాగే ఒక బ్రదర్‌ని బెంచీలు చెయ్యమన్నారు, చెక్క ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు, ఆయనా మొహమాటానికి అడగలేదు, అడిగితే విశ్వాసం లేదనుకుంటారని. చివరికి ఆయన చర్చి మారిపోయాడు. కానుకగా ఇస్తే సంతోషంగా ఇవ్వండి, లేకపోతే ముందే అడిగెయ్యండి, కమిటీలో పెట్టించండి. అడగడం విశ్వాసం లేకపోవడం కాదు.

మూడుఫేజులు అన్నయ్యగారు వాక్యం తెలీదు అన్నారు కానీ ఆయన చెప్పింది వాక్యమే. ద్వితీయోపదేశకాండం 22:8 చూడండి, కొత్త ఇల్లు కట్టుకుంటే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ దోషం ఆ ఇంటి మీదకి వస్తుంది అని. మీ షెడ్డులోకి పిల్లలు వస్తారు కదా. బ్లేడు మీద గార్డు అంటే పిట్టగోడే.

---

మూడుఫేజులు:

పిట్టగోడ గురించి బైబిల్లో ఉందా? ఇది నాకు తెలీదు. బాగుంది, కస్టమర్లకి చెప్తా, నా మాట ఎలాగూ వినట్లేదు.

---

కంచుగంట77:

ఆదివారం పని చెయ్యకూడదు బ్రదర్, అది ప్రభువు దినం, ఇందులో చర్చ ఏముంది. పుల్‌పిట్ అయినా పనే.

---

డాలస్_గరాజ్:

కంచుగంట అన్నా అంత సింపుల్ కాదు, విశ్రాంతి దినం విషయంలో మీకు ఎవరూ తీర్పు తీర్చకూడదని కొలొస్సయి 2:16 ఉంది, రోమా 14లో ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమే అనుకుంటాడు, ఎవడి మనసులో వాడు రూఢి చేసుకోవాలి అని కూడా ఉంది. పైగా ఆదివారం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే వంట పని కాదా, చికెన్ దానంతటదే ఉడుకుతుందా?

---

కంచుగంట77:

చికెన్ వేరు.

---

పాత_బాడిస:

బిడ్డా, నాకు 71 ఏండ్లు. నేను జెప్తుంటే మా మనుమరాలు టైపు జేస్తున్నది, తప్పులుంటే ఆమెవి.

మాది మెదక్ దిక్కు. యాభై ఏండ్లు వడ్ల పని, అంటే వడ్రంగం జేసిన, ఇప్పుడు మోకాళ్ళు పోయినయి, కూసొని ఉలులు నూరుత, గంతే. సంఘంల పెద్దగ ఉన్న.

నువ్వు గుడారం కొలతల కాడ ఆగిపోయినవా? నాకైతే నవ్వొచ్చింది. పురుగు మందు కొట్టెటోడు, బ్యాంకుల పని జేసెటోడు ఆడ ఆగితే అర్థముంది, వడ్లాయన కొడుకు ఆగుడేంది? బైబిల్ మొత్తంల మన కోసం రాసింది గదే. 26వ అధ్యాయం 17వ వచనం తీసి జూడు. ప్రతి పలకకు రెండు కుసులు (తొలుసుల దిగేతందుకు కర్ర కొసకు చెక్కే నాలుకలు) అని ఉంటది. కుసి! మీ నాయిన నోట్లెకెళ్ళి ఆ మాట ఎన్నిసార్లు ఇన్నవో యాది జేసుకో. పది మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. మూర అంటే అడుగున్నర ఏసుకో, పదిహేను అడుగుల పలక, రెండుంబావు అడుగుల వెడల్పు, అదీ తుమ్మకర్రతోని. గంత వెడల్పు తుమ్మ నేనైతే ఎన్నడు జూడలే, అతుకు ఏసిన్రో ఏమో నాకు ఇప్పటికీ అనుమానమే. అసుంటియి 48 పలకలు, 96 కుసులు, 96 వెండి దిమ్మలు. కుసి జరంత వదులైతే గోడ ఊగుతది, బిగుతైతే దిమ్మల దిగదు. పైగా గది ఇప్పి మోసుకపొయ్యే గుడారం, మల్ల నిలబెట్టాలె. నేను ఆ అధ్యాయం పెన్సిలు కాయితం పెట్టుకొని సదివిన, బొమ్మ గీసుకుంట. నువ్వు గూడ గట్లనే సదువు.

ఇగ 31వ అధ్యాయం. బెసలేలును పేరు పెట్టి పిలిచిన అంటడు దేవుడు, ఆత్మతోని నింపిన అంటడు. ప్రవక్త గాదు, రాజు గాదు, చేతిపని జేసెటోడు. ఆ మాట ఇన్నప్పుడు మనకు గర్వమొస్తది, నాకు గూడ మస్తు వచ్చింది వయసుల. కానీ అదే అధ్యాయం ఇంక జర కిందికి సదువు, 12వ వచనం నుంచి విశ్రాంతి దినం మాట మొదలైతది. నా గుడారం చేస్తున్నరు గదా అని ఆ దినం గూడ పని జేసుకోన్రి అనలే. ఆపమన్నడు. 35ల మల్ల పని మొదలు వెట్టే ముందు గూడ మోషే మొదట జెప్పింది అదే. ఇగ అందరు సామాన్లు తెస్తనే ఉంటే 36ల చాలు, ఇంక తేవొద్దు అని ఆపిచ్చిన్రు. నీ లక్షా పాతిక లిస్టు సదివి నాకు గదే యాదికొచ్చింది.

ఆదివారం పాపమా కాదా అని మీరు కొట్టుకోన్రి, నాకు అంత సదువు లేదు. నేను జెప్పేది, దేవుని గుడారం పనికే ఒక రోజు తాళం పడితే నీ షెడ్డుకు పడదా? శనివారం సగం దినం సెలవు ఉంటదేమో అడుగు. లేకుంటె రోజు పొద్దుగాల్ల ఒక్క గంట. వీడియోలు జూసే గంటనే.

క్రిస్మస్‌కు కాకుంటె కానియ్యి. మా మెదక్ గుడి 1914ల మొదలుపెడితే 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జేసిన్రు, పదేండ్లు. నీ పుల్‌పిట్ సంక్రాంతికి అయితే ప్రసంగం ఆగదు, పాత టేబుల్ మీద బైబిల్ పెట్టి జెప్తరు.

పనికి టేబుల్ సా అక్కర లేదు. కర్ర కోత మిషను కాడ సైజుకు కోపిచ్చుకో, ఐదారు వందలల్ల అయిపోతది. ఆరిన కర్రనే తీసుకో, తెచ్చి షెడ్డుల నడుమ నడుమ బద్దలు పెట్టి పేర్చి రెండు మూడు వారాలు గాలికి ఉంచు, ఆ గాలికి అలవాటు పడాలె. చట్రం కుసులతోని చెయ్యి, నడుమ పలకలకు ప్లై పెట్టు, బరువు తక్కువుంటది, ఊడ్చెటప్పుడు ఆడోళ్ళు జరుపుకోవచ్చు. ఎత్తు మీ పాస్టరును నిలబెట్టి మోచేయి కాడికి కొలువు, పుస్తకంల కొలత తీసుకోకు. డబ్బులు పెట్టాలంటే ఉలులు నూరే ఒక మంచి నీటిరాయి కొను, ఒకదిక్కు గరుకు 1000 నంబరు, ఒకదిక్కు నున్నటి 6000 నంబరు ఉంటది. ఉలి వీపు సాపు జెయ్యి ముందు, అద్దం తీరుగ మొకం కనబడాలె. మీ నాయిన ఉలులు మంచియే ఉంటయి, నువ్వే మొద్దుగ పెట్టి మిషను కావాలంటున్నవ్.

అక్క మంచం కిర్రుమంటే పచ్చి కర్ర వాడినవ్, ఎండినంక కుసి సన్నబడింది. ఇప్పి సన్న చీలిక ఏసి మల్ల బిగియ్యి. దేవుని పుల్‌పిట్ తర్వాత, ముందు అక్క పండుకోవాలె గదా.

---

రేకులషెడ్డు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నా, క్షమించండి.

నాలుగో_బెంచీ సిస్టర్, సారీ చెప్పా. చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆవిడ ఏమీ అనలేదు, టీ ఇచ్చింది, అందులో చక్కెర ఉంది, కాబట్టి పర్లేదనుకుంటా. మీరు చెప్పింది కరెక్టే, ముగ్గురు కాదు ఐదుగురు అడిగారంట.

వైరింగు, ఎర్తు, లైట్లు, ఎగ్జాస్ట్ ఫ్యాను అన్నీ కలిపి 27 వేలు అయ్యాయి. ఎర్తింగ్ నిజంగానే లేదు మూడుఫేజులు అన్నా, ఇన్నేళ్ళూ నాన్న అలాగే పని చేశారని తల్చుకుంటే గుండె దడదడలాడింది. మార్బుల్ కట్టర్ మేస్త్రికి ఇచ్చేశా, రాయి కోసుకుంటాడు. పుల్‌పిట్ చెక్కకి కమిటీ సగం ఇస్తామన్నారు, సగం నేను కానుకగా ఇస్తున్నా, అడిగితే ఎవరూ తప్పుగా అనుకోలేదు. ఈఎమ్ఐ లేదు. మిగిలిన డబ్బులు బ్యాంకులోనే ఉన్నాయి, రోజూ నన్ను పిలుస్తున్నాయి గానీ ఇంకా తియ్యలేదు.

తాతగారూ, మీరు చెప్పినట్టే పెన్సిలు పట్టుకుని 26 చదివా. మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పలక బొమ్మ గీశా, కింద రెండు కుసులు, రెండు దిమ్మలు. తర్వాత మిగిలిన రీపర్లతో పన్నెండో వంతు సైజులో ఒక పలక చేశా కూడా, పది మూరలంటే పదిహేనంగుళాలు వచ్చింది. రెండు కుసులూ ఒకేసారి దిమ్మల్లో దిగడానికి నాకు మూడు పలకలు పాడయ్యాయి. 96 ఎలా చేశారో! రిబ్బన్ ఇప్పుడు 38లో ఉంది. 31 చదివిన రోజు ఎక్కువసేపు అక్కడే కూర్చున్నా, ఆ పైన ఏం రాయాలో తెలీట్లేదు.

ఆదివారం షెడ్డుకి తాళం వేస్తున్నా. మొదటి వారం తాళంచెవి మా ఆవిడకి ఇచ్చి దాచమన్నా, ఆవిడ నవ్వి తిరిగి నాకే ఇచ్చేసింది.

పుల్‌పిట్ చట్రం నాలుగు కాళ్ళూ అయ్యాయి, అడ్డకర్రలు సగంలో ఉన్నాయి. క్రిస్మస్‌కి కాదు అని పాస్టర్ గారికి చెప్పేశా. ఆయన, సరేనయ్యా, నా మోచేతికి కొలిచావుగా, వచ్చే పాస్టరు పొట్టివాడైతే ఏం చేస్తావ్ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.

---

పాత_బాడిస:

కింద నిలబడేతందుకు ఒక పీట జెయ్యి. అక్క మంచం సంగతి జెప్పలే?

---

రేకులషెడ్డు:

విప్పి చీలికలు వేశా తాతగారూ. మూడు కాళ్ళు గట్టిగా ఉన్నాయి. నాలుగోది ఇంకా అంటుంది, కానీ బావ అటు తిరిగి పడుకున్నప్పుడే అంట.